గోదావరి డెల్టాలో పాత మోటారుసైకిలు: ఇంటి షెడ్డులో తీర్చిదిద్దుకునేవారు ఏ బండిని, ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

పాత మోటారుసైకిలును ఇంట్లోనే విప్పి, తనకు నచ్చినట్లు మళ్లీ కట్టుకోవాలనుకునేవారికి అందే సలహాల్లో ఎక్కువ భాగం పొడి వాతావరణంలో, గచ్చు చేసిన విశాలమైన గదిలో పనిచేసేవారి అనుభవం నుంచి పుట్టినవే. నరసాపురం, రాజోలు, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల మన ఇళ్లలో పరిస్థితి వేరు. ఒకప్పుడు పశువులను కట్టిన సావిడో, ధాన్యం బస్తాలు వేసిన వసారానో మనకు గ్యారేజీ అవుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ నిలిచే ఉంటుంది. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ దానికి ఉప్పు తోడవుతుంది. చెరువు గట్టు మీద నాలుగు చినుకులు పడితే నల్లమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముద్దగా బిగుసుకుని చక్రాన్ని తిరగనివ్వదు. కాబట్టి ఏ బండిని ఎంచుకోవాలి, ఎంతవరకు మార్చాలి, ఏ పని ఇంట్లో చేసుకోవాలి, దేన్ని బయటికి పంపాలి అన్న ప్రశ్నలకు ఇక్కడి జవాబులు కొంత భిన్నంగా ఉంటాయి.

మా నాన్నగారు 1991లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100ను, తరువాత మా మావయ్య గారి బుల్లెట్‌ను, ఒక హీరో హోండా సీడీ 100ను పాలకొల్లు దగ్గర మా పెరటి సావిడిలో విప్పి బిగించిన అనుభవంతో ఈ పోలిక రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. బోల్టు విప్పితే బండి మళ్లీ పాత రూపానికి వచ్చే మార్పులనే చేసుకోవాలి. కోస్తే తప్ప, వెల్డింగు పెడితే తప్ప కుదరని మార్పు ఎంత అందంగా కనిపించినా మానుకోవాలి. చట్టం, వాతావరణం, బండి విలువ, నడిపేవారి భద్రత అనే నాలుగు వైపుల నుంచి చూసినా నాకు ఇదే సరైనదిగా తోచింది.

ముందు కాగితాలు

ఇంజను బాగుందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) ఎవరి పేరిట ఉంది, దాని గడువు ఉందా, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నవేనా అన్నది మొదటి ప్రశ్న. సొంత వాడకం మోటారుసైకిలుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తరువాత ఐదేళ్లకోసారి 25వ నంబరు ఫారంతో దరఖాస్తు చేసి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి పొడిగించుకోవాలి. మన ప్రాంతంలో అమ్మకానికి వచ్చే పాత బళ్లలో ఈ పొడిగింపు ఎప్పుడో ఆగిపోయినవి తరచుగా కనిపిస్తాయి. హైదరాబాదులో రిజిస్టరైన బండి అయితే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం కూడా తేవాలి. మొదటి యజమాని చనిపోయి, వారసుల మధ్య ఒప్పుదల లేని బండి ఎంత చవకగా వచ్చినా కొనవద్దు.

మార్పుల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే అర్థాన్ని నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానాను, ఆరు నెలల వరకు జైలును, లేదా రెండింటినీ విధించే వీలు కల్పించింది. వెనుక ఛాసిస్ గొట్టాన్ని కోసి పొట్టి సీటు అమర్చడం, మరో మోడల్ ఇంజనును అనుమతి లేకుండా ఎక్కించడం, శబ్దం పెరిగేలా సైలెన్సర్‌ను ఖాళీ చేయడం ఇబ్బంది తెచ్చే పనులు. రంగు కూడా ఆర్‌సీలో నమోదై ఉంటుంది కాబట్టి నలుపు బండిని ఎరుపు చేయాలనుకుంటే ముందే ఆర్టీవో కార్యాలయంలో తెలిపి నమోదు చేయించుకోవాలి. హ్యాండిల్ పట్టీలు, సీటు తొడుగు, తగిన కొలతలో టైరు వంటి వాటితో ఈ చిక్కు ఉండదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ మొదట వెతికేది అనుమతి లేని మార్పునే అన్న సంగతిని కూడా మనసులో ఉంచుకోవాలి.

ఒక చిన్న జాగ్రత్త. ఛాసిస్‌కు రంగు వేసేముందు నంబరు చెక్కిన చోట కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసి దాచుకోండి. ఆ చోటును గరుకు కాగితంతో అరగదీయవద్దు, మందంగా రంగు పట్టనివ్వవద్దు. అక్షరాలు పూడిపోతే తనిఖీలో ఆ బండి మీదేనని నిరూపించుకోవడం కష్టమవుతుంది.

ఏ బండి?

మన వైపు సులువుగా దొరికేవి, ఇంట్లో పని చేయడానికి వీలున్నవి నాలుగు రకాలు: యమహా ఆర్‌ఎక్స్ 100, పాత బీడు (పోత ఇనుము) ఇంజను బుల్లెట్ 350, హీరో హోండా సీడీ 100 లేదా తొలినాళ్ల స్ప్లెండర్, యెజ్డీ 250.

ఆర్‌ఎక్స్ 100ను ఎస్కార్ట్స్ సంస్థ 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారుచేసింది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, 11 గుర్రాల శక్తి, సుమారు 100 కిలోల బరువు. ఈ మూడింటి పొందిక వల్లనే ఆ బండికి ఇప్పటికీ అంత మోజు. ఇంట్లో పని నేర్చుకోవడానికి దీనికి మించిన ఇంజను లేదు. హెడ్డులో వాల్వులు, టైమింగ్ చైను ఉండవు కాబట్టి హెడ్డు, సిలిండరు విప్పి పిస్టన్, రింగులు చూసుకోవడం ఒక పూట పని. బోరూ (సిలిండరు లోపలి వెడల్పు) స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) రెండూ 50 మిల్లీమీటర్లే; సిలిండరు అరిగితే లేతు దగ్గర బోరింగ్ చేయించి పావు మిల్లీమీటరు చొప్పున పెద్ద పిస్టన్ వేసుకుంటూ పోవచ్చు. అయితే ఏళ్ల తరబడి మూలన నిలబడిన ఆర్‌ఎక్స్‌లో క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) పక్కల ఆయిల్ సీళ్లు ఎండి పగులుతాయి. ఆ సందుల్లోంచి గాలి లోపలికి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు వంతు తగ్గుతుంది. దాంతో పిస్టన్ వేడెక్కి సిలిండరులో పట్టేస్తుంది. సీళ్లు మార్చాలంటే ఇంజనును రెండు ముక్కలుగా విడదీయాలి. అది ఇంట్లో మొదటిసారి ప్రయత్నించే పని కాదు. ఆర్‌ఎక్స్‌కున్న మరో లోపం దాని పేరే. గిరాకీ వల్ల ధరలు పెరిగాయి, నకిలీ విడిభాగాలు పెరిగాయి, ఆర్‌ఎక్స్ 135 ఇంజను ఎక్కించి 100 అని అమ్మేవారూ ఉన్నారు. ఇంజను నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చకుండా బయానా ఇవ్వవద్దు.

పాత బుల్లెట్ స్వభావం దీనికి పూర్తిగా వేరు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ. పాత వాటిలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. ఇంజను, గేరుబాక్సు వేరువేరు డబ్బాలుగా ఉండడం వల్ల ఒకదాన్ని కదిలించకుండా రెండోదాన్ని దించుకోవచ్చు. సీటు, మడ్‌గార్డులు, హ్యాండిల్, టూల్‌బాక్సులు అన్నీ బోల్టులతో నిలిచినవే కాబట్టి కోత లేకుండా రూపం మార్చుకోవడానికి అన్నిటికన్నా ఎక్కువ వీలు దీనికే ఉంది. విడిభాగాల కొరత లేదు. కష్టమల్లా బరువులో ఉంది. 160 కిలోలు దాటిన బండిని మట్టి గచ్చు మీద ఒంటరిగా లేపి నిలపడం ప్రమాదం. కొన్ని నట్లకు మామూలు మిల్లీమీటరు పానాలు సరిగా పట్టవు. పట్టినట్లే అనిపించి మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. తగిన పానాల జత ముందే కొనుక్కోండి. ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకే ఉన్న బుల్లెట్ వేగానికి తగినంత త్వరగా ఆగదన్నది కూడా గుర్తుంచుకుని, అలంకారానికి ముందు బ్రేకు లైనర్ల మీద ఖర్చు చేయాలి.

సీడీ 100ను ఎవరూ మోజుపడి తెచ్చుకోరు. మొదటిసారి పనిచేసేవారికి నేను చెప్పేది మాత్రం దాన్నే. 97.2 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను. దాని దారిలోనే 1994లో వచ్చిన స్ప్లెండర్ ఇంకా రోడ్ల మీద ఉంది కాబట్టి విడిభాగాలు మండల కేంద్రంలోనే దొరుకుతాయి. కొనుగోలు ధర తక్కువ, నడిపే ఖర్చు తక్కువ, నేర్చుకునేటప్పుడు ఏదైనా చెడినా నష్టం భరించదగినది. కొడుకు కాలేజీకో, కొబ్బరితోటకో రోజూ వెళ్లివచ్చే బండి కావాలనుకునే ఇంట్లో ఆర్‌ఎక్స్ కన్నా ఇదే సరైన ఎంపిక.

యెజ్డీ గురించి క్లుప్తంగా చెబుతాను. మైసూరులోని ఐడియల్ జావా 1996లో మూతపడింది. రెండు సైలెన్సర్లు, కిక్ రాడ్డే గేరు రాడ్డుగా మారే ఏర్పాటు, ఆ శబ్దం ఎంతో ఇష్టపడదగినవే. కానీ దాని అందంలో సగం క్రోము పూతలోనే ఉంది. మన ఉప్పుగాలికి మొదట లొంగేది క్రోమే. ఇంట్లో రోజువారీ వాడకానికి మరో బండి ఉన్నవారే దీన్ని తీసుకోవాలి.

ఏ బండి అయినా కొనేముందు అది వరదలో మునిగిందేమో తప్పక చూడండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరికను దాటినప్పుడు కోనసీమ లంకల్లో ఎన్నో బళ్లు నీటిలో నిలిచాయి. పైన కడిగి, రంగు వేసి అమ్మినా కొన్ని గుర్తులు మిగులుతాయి. హెడ్‌లైటు డూము లోపల ఒండ్రు గీత, సీటు కింద మూలల్లో ఎండిన బురద, వైరింగ్ కలిసేచోట్ల పచ్చని చిలుము ఆ గుర్తులు. అలాంటి బండిని మీరు కొన్నా, మీ బండే మునిగినా, ముందుగా కిక్ కొట్టవద్దు. ప్లగ్గు తీసి, ఇంజను నూనె దించి చూడండి. అది మజ్జిగలా తెల్లగా ఉంటే లోపల నీరు చేరిందని అర్థం.

నిలబెట్టడమా, పూర్వరూపానికి తేవడమా, మార్చడమా?

బండి ఇంట్లోకి వచ్చాక మూడు దారులు ఉంటాయి. ఒకటి, వయసు తెచ్చిన గీతలను, వెలిసిన రంగును అలాగే ఉంచి, నడిచే భాగాలన్నిటినీ బాగుచేయడం. రెండు, కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేయడం. మూడు, రూపాన్నే మార్చడం.

మొదటి దారికి రావలసినంత గౌరవం రాలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చైను, స్ప్రాకెట్లు, బ్రేకు లైనర్లు, చక్రాల బేరింగులు, కేబుళ్లు, ఫోర్కు నూనె, టైర్లు, వైరింగ్ కొత్తవైతే బండి గుణమే మారుతుంది. దానికయ్యే ఖర్చు రెండో దారి ఖర్చులో చిన్న భాగమే. తండ్రి చేతి అరుగుదల ఉన్న ట్యాంకును గీకి మెరిపిస్తే తిరిగిరానిది ఒకటి పోతుంది. మా నాన్నగారి బండి ట్యాంకు మీద ఆయన మోకాళ్లు తగిలి రంగు పలచబడిన రెండు చోట్లను నేను పోగొట్టలేదు. తుప్పు రాకుండా పైన పారదర్శకమైన పూత మాత్రం వేయించాను.

రెండో దారి ఓపిక ఉన్నవారిది. అసలు విడిభాగాల కోసం నెలల తరబడి వెతకాలి. మీ బండి పూర్తిగా ఉండి, ఏ ముక్కా పోకుండా ఉంటేనే దీన్ని ఎంచుకోండి. స్పీడోమీటరు, సైడు కవర్లు, అసలు కార్బురేటర్ లేని బండిని పూర్వరూపానికి తేవడం కొత్త బండి ఖరీదును మించిపోతుంది.

మూడో దారిలో యువకులు ఎక్కువగా అడిగేవి మూడు రూపాలు: హ్యాండిల్ దించి ముందుకు వంగి కూర్చునే కెఫే రేసరు, మడ్‌గార్డులు కత్తిరించిన పొట్టి బాబరు, మడ్‌గార్డులు పైకెత్తి గళ్ల టైర్లు వేసిన స్క్రాంబ్లరు. డెల్టా దారులకు వీటిలో స్క్రాంబ్లరు ఒక్కటే పొసగుతుందని నా నిశ్చయం. వెనుక మడ్‌గార్డు కత్తిరిస్తే గట్టు మీది బురద నేరుగా సీటు కిందికి, గాలి ఫిల్టరుకు, వెనుక కూర్చున్నవారి వీపుకు చేరుతుంది. దించిన హ్యాండిలుతో గుంతల పుంత దారిలో మణికట్లు నిలవవు. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే బల్లకట్టు పడవ) ఎక్కించేటప్పుడు బండిని చటుక్కున తిప్పడమూ కష్టమే. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్ల ఎడం పెంచుకుంటే నల్లమట్టి బిగుసుకోకుండా రాలిపోతుంది. ఇది అలంకారం కోసం చెబుతున్నది కాదు. అయితే గళ్లు మరీ పెద్దవైతే తడిసిన సిమెంటు రోడ్డు మీద జారతాయి. చిన్న గళ్లున్న, అసలు కొలతకు దగ్గరగా ఉన్న టైరు సరిపోతుంది. ఆర్‌ఎక్స్‌కు లావు టైరు వేస్తే వెనుక ఫోర్కుకు రాసుకుంటుంది.

సైలెన్సర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టూ స్ట్రోక్ బండిలో సైలెన్సర్ పొగ బయటికి పంపే గొట్టం మాత్రమే కాదు. దాని లోపలి ఆకారం నుంచి వెనక్కి వచ్చే పీడన తరంగమే కాలని మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. లోపలి జాలీ గొట్టం తీసేస్తే శబ్దం పెరిగి వేగం పెరిగినట్లు అనిపిస్తుంది కానీ, తక్కువ వేగంలో లాగే శక్తి పడిపోతుంది. వెనుక కొబ్బరికాయల బస్తా ఉన్నప్పుడు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. గాలి ఫిల్టరు డబ్బా తీసి శంకువు ఆకారపు ఫిల్టరు పెట్టడం కూడా అలాంటిదే. మిశ్రమంలో గాలి వంతు పెరుగుతుంది. కార్బురేటర్‌లో జెట్టు (పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రపు ముక్క) మార్చకపోతే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీ ఇచ్చిన డబ్బానే శుభ్రం చేసి వాడుకోవడం మేలు.

ట్యాంకు లోపలి తుప్పు

పాత బండిని ఇంట్లో బాగుచేసే పనిలో అతి ముఖ్యమైనది, అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. సగం నిండిన ట్యాంకులో రాత్రి చల్లబడిన గాలి లోపలి తేమను నీటిబొట్లుగా వదులుతుంది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. అక్కడి నుంచే తుప్పు మొదలై, ఆ పొడి కార్బురేటర్ సన్నని రంధ్రాలను మూసేస్తుంది. పాత రబ్బరు గొట్టాలు కూడా ఈ ఇంధనానికి మెత్తబడి పగులుతాయి కాబట్టి, పెట్రోలు గొట్టాన్ని, కార్బురేటర్ లోపలి రబ్బరు వాషర్లను మార్చకుండా పాత బండిని నడపవద్దు.

తుప్పు తీయడానికి మన దగ్గర వాడుకలో ఉన్నవి నాలుగు పద్ధతులు. చిన్న నట్లు, గొలుసు ముక్కలు లోపల వేసి కుదిపే పద్ధతి పెచ్చులు రాల్చడానికి బాగుంటుంది. గుంటల్లోని తుప్పును తీయలేదు. బాత్రూము యాసిడ్ పోయమని సలహా ఇచ్చేవారు ఎక్కువ. అది పని త్వరగా చేస్తుంది, కానీ మంచి ఇనుమునూ తింటుంది. పైగా దాని ఆవిరి తగిలిన పనిముట్లన్నీ మర్నాటికి ఎర్రబడతాయి. మూసిన సావిడిలో అది ఊపిరితిత్తులకూ హాని. దాన్ని నేను వద్దంటాను.

మూడోది నిమ్మ ఉప్పు, అంటే కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ ఆమ్లం. పది లీటర్ల గోరువెచ్చని నీటికి అర కిలో నుంచి కిలో వరకు కలిపి, కుళాయి రంధ్రం మూసి, ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచాలి. తీశాక వంట సోడా కలిపిన నీటితో కడిగి, ఆలస్యం చేయకుండా ఆరబెట్టాలి. అసలు కష్టం ఈ ఆరబెట్టడంలోనే ఉంది. తడి ఇనుము మన తేమలో గంటలోపే కొత్త తుప్పు పడుతుంది. ఎండలో పెట్టి, ఊదే యంత్రంతో వేడిగాలి కొట్టి, పూర్తిగా ఆరగానే టూ స్ట్రోక్ నూనె కొంచెం పోసి లోపలంతా తిప్పాలి. నా ఎంపిక ఈ పద్ధతే.

నాలుగోది విద్యుత్తుతో తుప్పు వదలగొట్టడం. చాకలి సోడా కలిపిన నీటిలో 12 వోల్టుల ఛార్జరు రుణధ్రువాన్ని ట్యాంకుకు, ధనధ్రువాన్ని లోపల వేలాడదీసిన పాత ఇనుప కడ్డీకి కలిపి, రెండూ తాకకుండా ఉంచాలి. మంచి ఇనుము నష్టపోదు. గట్టి తుప్పుకు ఇదే ఉత్తమం. అయితే స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడితే హానికరమైన క్రోమియం నీటిలో చేరుతుంది. పైగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయట చేయాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. విద్యుత్తు పనిలో అలవాటు లేనివారు నిమ్మ ఉప్పుతోనే సరిపెట్టుకోవాలి.

ట్యాంకుకు చిల్లు పడితే దాన్ని ఖాళీ చేశామన్న ధైర్యంతో వెల్డింగుకు ఇవ్వవద్దు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే పేలుతుంది. ఎన్నోసార్లు కడిగి, ఆ పని తెలిసిన రేడియేటరు మేస్త్రి దగ్గరకే తీసుకువెళ్లండి.

రంగు

ఒక శ్రావణమాసంలో, వాన వెలిసిన సాయంత్రం, సైడు కవర్లకు లక్కరు రంగు స్ప్రే చేశాను. అరగంటలో దానిమీద తెల్లటి పొగ పట్టినట్లయింది. తిన్నరు వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. చల్లబడిన పూత మీద గాలిలోని తేమ నీరై దిగి, రంగులో ఇరుక్కుపోతుంది. ఆ రెండు కవర్లను మళ్లీ గీకి మొదటి నుంచి చేయవలసి వచ్చింది. అందువల్ల ఏ రంగు వేయాలి అన్న ప్రశ్నకన్నా ఎప్పుడు వేయాలి అన్నది మన ప్రాంతంలో ముందు వస్తుంది.

ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ మంచిదా, రంగు మంచిదా అని చాలామంది అడుగుతారు. పౌడర్‌ను 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చి పట్టిస్తారు. అది గట్టిగా, నున్నగా, అందంగా ఉంటుంది. రబ్బర్లు, బేరింగులు అన్నీ తీసి ఇవ్వాలి. తణుకు, రాజమహేంద్రవరం వంటి లోపలి ఊళ్లలో వాడే బండికి నేను దీనికే ఓటు వేస్తాను. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వంటి తీరపు ఊళ్లలో మాత్రం నా సలహా మారుతుంది. రాయి తగిలి ఒకచోట పెచ్చు లేస్తే, ఆ సందులోంచి ఉప్పునీరు పూత కిందికి పాకి, పైకి నున్నగా కనిపిస్తూనే లోపల ఇనుమును తినేస్తుంది, బయటపడేసరికి ఆలస్యమవుతుంది. ఎపాక్సీ ప్రైమరు మీద నల్ల ఎనామిలు వేసిన ఛాసిస్‌కు అంత మెరుపు ఉండదు, కానీ దెబ్బ తగిలినచోట ఒక గరుకు కాగితం ముక్క, చిన్న కుంచె ఉంటే ఆదివారం పూట సరిచేసుకోవచ్చు. తీరంలో సులువుగా సరిచేసుకోగలగడమే గట్టిదనం కన్నా విలువైనది. ఏ పూత వేసినా, ఛాసిస్ గొట్టాల లోపల కూడా నూనె చల్లడం మరచిపోకండి. తుప్పు లోపలి నుంచి మొదలైతే పై రంగు కాపాడలేదు.

ట్యాంకుకు ఎనామిలు పనికిరాదు. పెట్రోలు ఒలికినప్పుడల్లా మెత్తబడుతుంది. దానికి గట్టిపరిచే మందు కలిపే రెండు భాగాల పీయూ (పాలీయురేతేన్) పూత అవసరం. ఆ మందులోని ఐసోసయనేట్లు పీలిస్తే ఉబ్బసం వంటి శాశ్వత ఇబ్బంది కలిగే అవకాశం ఉంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. తుప్పు తీయడం, పుట్టీ పెట్టడం, ప్రైమరు గీకడం వరకు ఇంట్లో చేసి, చివరి పూతకు సరైన గాలి ఏర్పాటున్న పెయింటు షెడ్డుకు పంపడం మంచిది. ఇలా చేస్తే కూలిలో చాలా భాగం మిగులుతుంది.

క్రోము విషయంలో మనసు రాయి చేసుకోవాలి. కొత్తగా వేయించిన పూత కూడా తీరంలో సూదిమొన మచ్చలతో పొంగుతుంది. రిమ్ములు, హ్యాండిల్ వంటివాటికి నల్లరంగో, స్టెయిన్‌లెస్ స్టీలో ఎంచుకోండి. అల్యూమినియం రిమ్ముకు స్టీలు చువ్వలు వేస్తే రెండు లోహాలు కలిసేచోట ఉప్పుతేమ తెల్లని బూజులాంటి తుప్పు తెస్తుంది. బిగించేటప్పుడు అక్కడ గ్రీజు పూయాలి.

ఇంట్లో ఏవి, బయట ఏవి?

విప్పడం, శుభ్రం చేయడం, ముక్కలకు చీటీలు కట్టి డబ్బాల్లో సర్దడం, కార్బురేటర్, బ్రేకులు, కేబుళ్లు, వైరింగ్ ఇంటి పనులు. విప్పేముందు ప్రతి మూలా ఫోను కెమెరాతో ఫొటో తీసుకోండి. పాత బ్రేకు డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదవద్దు. ఆ కాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవండి. బోరింగ్, క్రాంకు అమర్చడం, రిమ్ముల వంకర తీయడం లేతుకో, అనుభవం ఉన్న మేస్త్రికో అప్పగించాలి. మేస్త్రి దగ్గరకు పని తీసుకువెళ్లినప్పుడు పక్కనే నిలబడి చూడనివ్వమని అడగండి. మంచి మేస్త్రి కాదనడు. సిలిండరుకూ పిస్టన్‌కూ మధ్య ఎడం ఎంత ఉంచాడో రాయించుకోవడం కూడా అవసరం.

పనిముట్లలో డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే, మంచి రింగు పానాల జత, దెబ్బకు స్క్రూ వదిలించే ఇంపాక్టు స్క్రూడ్రైవరు, బిగింపు కొలిచే టార్కు పానా అంటాను. స్ప్రే గన్ను, కంప్రెసరు మొదటి బండికి కొనవద్దు. మట్టి గచ్చు ఉన్నవారు బండి నిలిపే మేరకైనా నాలుగు అడుగుల వెడల్పున సిమెంటు వేయించుకుంటే, పడిపోయిన చిన్న స్ప్రింగు కోసం గంటలు వెతికే బాధ ఉండదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చివరి నిర్ణయం. నేను పాటించే క్రమం ఇది: వానాకాలంలో, బయటికి వెళ్లే అవసరం తక్కువగా ఉన్నప్పుడు బండిని విప్పి, విప్పిన ప్రతి ఇనుప ముక్కకు వెంటనే నూనె రాసి మూటకట్టడం, దసరా నుంచి సంక్రాంతి లోపు లేతు పని, విడిభాగాల వెతుకులాట, మాఘ ఫాల్గుణాల్లో ఉదయపు మంచు విడిచిన తరువాత, పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు లోపు రంగు పని, ఉగాదికి బిగింపు. మొదటి 500 కిలోమీటర్లు నిదానంగా నడిపి, ఆ తరువాత హెడ్డు నట్లు, ఇంజను బోల్టులు మరోసారి బిగించి చూసుకోవాలి.